జెండా పాఠం, ఓటు పాఠం: డెల్టా బడుల సింహావలోకనం

కృష్ణా డెల్టాలో పిల్లలకు దేశాన్ని పరిచయం చేసే పనిని బడి తన నెత్తికెత్తుకుని నూట పదిహేనేళ్ళు దాటింది. అంతకుముందు బడి పరిచయం చేసిన దేశం వేరు, దాని జెండా వేరు. రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో బడి తెరిచాడు. మరో పన్నెండేళ్ళకు బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలువల వెంట వరి, వరి వెంట డబ్బు, డబ్బు వెంట చదువు వచ్చాయి. ఆ చదువు మీద యూనియన్ జాక్ నీడ ఉండేది. విక్టోరియా రాణి సింహాసనమెక్కిన స్వర్ణోత్సవానికి గుర్తుగా 1887లో బెజవాడలో జూబిలీ భవనానికి పునాది పడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సామ్రాజ్యమంతటా మే 24న ఎంపైర్ డే పేరుతో బడిపిల్లల చేత జెండాకు సలాము కొట్టించే ఆనవాయితీ వ్యాపించింది. కాబట్టి బడి ఆవరణలో జెండా ఎగరేయడం, పిల్లల్ని వరుసల్లో నిలబెట్టడం మనవాళ్ళు కనిపెట్టిన పద్ధతులు కావు. ఏ జెండాకు నిలబడాలన్నదే తర్వాతి తరాలవారు తేల్చుకున్న విషయం.

ఓటు కథ కూడా ఆ కాలంలోనే, చాలా సన్నగా మొదలైంది. బందరుకు 1866లో, బెజవాడకు 1888లో పురపాలక సంఘాలు వచ్చాయి. 1884 చట్టంతో జిల్లా, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. పన్ను కట్టే కొద్దిమందికే ఓటు ఉండేది. ఆడవాళ్ళకు లేదు, కూలివాళ్ళకు లేదు. పల్లెటూరి పిల్లవాడికి అధికారం అంటే మునసబు, కరణం. ఆ రెండూ తండ్రి నుంచి కొడుక్కి దిగే పదవులే. అయినా ఒక సంగతి గుర్తుంచుకోదగ్గది. ఆ బోర్డులు పెట్టిన బడుల్ని జనం ‘బోర్డు స్కూళ్ళు’ అనేవారు. అంటే ఎన్నికల వాసన కాస్తయినా తగిలిన ఒక సంస్థ పేరు పిల్లవాడి బడికి అప్పుడే అతుక్కుంది. తర్వాత నూరేళ్ళలో సంస్థల పేర్లు మారాయి గాని ఆ అతుకు ఊడలేదు.

మలుపు 1907లో వచ్చింది. వంగదేశం నుంచి బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర తీరంలో పర్యటించారు. కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు ఆయన వెంట నడిచారు. రాజమండ్రిలో విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు గుండెకు తగిలించుకుని తరగతులకు వెళ్ళారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ ఉగ్రుడయ్యాడు. శిక్షకు గురైనవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. మన ప్రాంతంలో ఒక జాతీయ చిహ్నం విద్యార్థి ఒంటి మీదికి ఎక్కడం, అందుకు అతను మూల్యం చెల్లించడం ఇక్కడి నుంచి మొదలైందని చెప్పవచ్చు. మరుసటి ఏడాదే ఆయన బెజవాడ నుంచి వెలువడిన స్వరాజ్య పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్ళారు. ఆ తర్వాత జీవితమంతా గ్రంథాలయాలకు, వయోజన విద్యకు ధారపోశారు. బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రవాడు చివరికి పల్లెజనానికి అక్షరం నేర్పే పెద్దమనిషి కావడం ఆ తరం నడిచిన దారిని బాగా చూపిస్తుంది.

అదే వేడిలో 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టింది. కోపల్లె హనుమంతరావు దానికి ప్రాణం. ముట్నూరి, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆయనకు చెరో భుజం. ప్రభుత్వ గుర్తింపును, గ్రాంటును వద్దనుకుని నడిపిన విద్యాలయం అది. నేత, అద్దకం, వడ్రంగం, చిత్రలేఖనం అక్కడ పుస్తకాల చదువుతో సమానంగా నడిచాయి. దేశభక్తికి వేరే పీరియడు ఉండేది కాదు. మగ్గం ముందు కూర్చోవడమే పాఠం. ఆ ఉపాధ్యాయ బృందంలో ఒకాయన పింగళి వెంకయ్య. 1876 ఆగస్టు 2న, కూచిపూడికి చేరువలోని భట్లపెనుమర్రులో పుట్టారు. బోయరు యుద్ధ కాలంలో సైనికుడిగా దక్షిణాఫ్రికా వెళ్ళి అక్కడ గాంధీని కలిశారు. పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్నారు. జపాను భాష నేర్చి జపాన్ వెంకయ్య అయ్యారు. భూగర్భశాస్త్రం పట్టుకుని డైమండ్ వెంకయ్య కూడా అయ్యారు. ఇన్ని పిచ్చుల మధ్య ఆయన్ని వదలని పిచ్చి జెండా. 1916లో భారతదేశానికి ఒక జాతీయ జెండా ఉండాలని వాదిస్తూ 30 నమూనాలతో పుస్తకం అచ్చువేశారు. దేశానికి జెండా నమూనాలు గీసిన మనిషి పంతులు కూడా అన్న సంగతిని మన బడులు మరికాస్త గట్టిగా చెప్పుకోవచ్చు.

జాతీయ కళాశాల పక్కనే, అంత గొప్పగా చెప్పుకోని మరో బడి నడిచింది. అది గ్రంథాలయం. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914 ఏప్రిల్‌లో అదే ఊళ్ళో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి చోదకుడు. ఊరూరా పుట్టిన పఠనాలయాల్లో సాయంత్రం ఎవరో ఒకరు పత్రిక గట్టిగా చదివేవారు, పెద్దలు వినేవారు, పిల్లలు అరుగుల కింద చేరేవారు. కౌన్సిలు అంటే ఏమిటి, మెంబరు అంటే ఎవరు, పన్ను ఎందుకు కడుతున్నాం అన్న మాటలు చాలామంది పల్లె పిల్లల చెవిన మొదట పడింది అక్కడే. 1935లో పాతూరి నాగభూషణం చొరవతో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం కూడా తిరిగింది. ఆనకట్ట నీళ్ళు చేలకు వెళ్ళే దారిలోనే పుస్తకాలూ వెళ్ళాయి.

ఇక 1921. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెసు సంఘం బెజవాడలో సమావేశమైంది. కోటిమంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, 20 లక్షల రాట్నాలు అన్న లక్ష్యాలు ఇక్కడే నిర్ణయమయ్యాయి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు కార్యకర్తలు ఆ జనసముద్రాన్ని అదుపులో పెట్టారు. జెండా కథ ఇక్కడే పుట్టిందని మన పిల్లలందరికీ చెబుతాం. పెన్నుతో గీత గీసినట్టు ఒక్క వాక్యంలో చెప్పేస్తాం. నిజానికి ఆ కథ అంతకంటే పెద్దది, అంతకంటే అందమైనది. గాంధీ కోరిక మీద వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ పట్టీల మీద రాట్నంతో జెండా గీసి మూడు గంటల్లో తెచ్చారు. జెండా మీద రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌ది. సమావేశం ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. ఆ ఆలస్యమే మేలు చేసిందన్నట్టుగా గాంధీ తర్వాత యంగ్ ఇండియాలో రాశారు, ఎందుకంటే తీరిగ్గా ఆలోచించగా మిగతా మతాలవారికి గుర్తుగా తెలుపు కూడా ఉండాలని ఆయనకు తోచింది. పదేళ్ళ తర్వాత, 1931లో రంగుల మీద అభ్యంతరాలు తేల్చడానికి కాంగ్రెసు ఏడుగురితో సంఘం వేసింది. దానికి సంచాలకుడు మన బందరు పట్టాభి. ఆ సంఘం జెండా అంతా కాషాయంగా ఉండాలంది. ఆగస్టులో బొంబాయిలో కాంగ్రెసు పెద్దసభ దాన్ని పక్కన పెట్టి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పట్టీలను ఖాయం చేసింది. రంగులను మతాలతో ముడిపెట్టడం కూడా అప్పుడే మానేసింది. చివరికి 1947 జూలై 22న రాజ్యాంగ పరిషత్తులో నెహ్రూ ప్రవేశపెట్టిన తీర్మానంతో రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది.

ఇంత కథ పిల్లలకెందుకని అడిగేవారున్నారు. ఇంత కథే కావాలంటాను నేను. ఒక ఉపాధ్యాయుడి పట్టుదల, ఒక పంజాబీ సలహా, ఒక నాయకుడి సవరణ, ఒక ఉపసంఘం సిఫార్సు, దాన్ని తిరగ్గొట్టిన పెద్దసభ, ఆఖరున ప్రతినిధుల సభ తీర్మానం. మన జెండా ఈ మెట్లన్నీ ఎక్కి వచ్చింది. జెండా పాఠం చెబితే అందులోనే ప్రతినిధుల పాఠం ఉంది. ఈ రెండింటినీ విడదీసి, ఒకదాన్ని ఆగస్టుకు, మరొకదాన్ని పరీక్షకు పంచడం తర్వాతి కాలం చేసిన పని.

చక్రం మన పిల్లలకు కొత్తదేమీ కాదన్నది మరో మాట. సారనాథ్ సింహశీర్షం 1950 జనవరి 26న జాతీయ చిహ్నమైంది. సారనాథ్ మనకు దూరం. కాని అదే ధర్మచక్రాన్ని స్తంభం మీద నిలిపి కొలుస్తున్న జనాన్ని అమరావతి శిల్పులు రెండువేల ఏళ్ళ నాడే సున్నపురాతి పలకల మీద చెక్కారు. భట్టిప్రోలు, ఘంటసాల స్తూపాలూ ఈ డెల్టా సంపదే. పాఠం చెప్పే టీచరు పిల్లల్ని ఒక పూట అమరావతి ప్రదర్శనశాలకు తీసుకెళ్ళి పలక ముందు నిలబెడితే చక్రం పాఠం దానంతటదే మనసుకెక్కుతుంది. రాష్ట్ర చిహ్నంలోని పూర్ణకుంభం కూడా అక్కడి రాళ్ళ మీదిదే.

జెండాను గౌరవించడం నేరమైన రోజుల్లో ఆ పాఠం ఎలా ఉండేదో బందరు చూసింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం నడుస్తుండగా కోనేరు సెంటరులో జెండా ఎగరేయడానికి తోట నరసయ్య నాయుడు పూనుకున్నాడు. మల్లయోధుడు. పోలీసులు లాఠీలతో చితకబాదినా చేతిలో జెండా వదల్లేదు, స్పృహ తప్పేదాకా. పన్నెండేళ్ళ తర్వాత, 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. వారి జ్ఞాపకంగా నిలిచినదే నేటి రణరంగ చౌక్. ఆ తరం పిల్లలు జెండా మర్యాదను నియమావళిలో చదువుకోలేదు. వీధిలో చూశారు.

క్రమశిక్షణ వైపు నుంచి కూడా ఆనాడే గట్టి పునాది పడింది. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు సందర్భంగా ఎన్.ఎస్. హార్డీకర్ నడుం కట్టిన హిందుస్థానీ సేవాదళ్ రూపుదిద్దుకుంది. జెండా వందనానికి ఒక పద్ధతి, ఒక వరుస, ఒక డ్రిల్లు తెచ్చిపెట్టింది ఆ దళమే. 1931 జెండా సంఘంలోనూ హార్డీకర్ సభ్యుడు. ఆ కాకినాడలోనే ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర కాపలా ఉన్న పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు కొనిచ్చాకే వదిలింది. నాయకుల్ని గౌరవించడం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఏ పాఠ్యపుస్తకం కంటే ముందు ఈ సంగతి చెబుతాను. ఆ పిల్లే పెరిగి పెద్దయ్యాక రాజ్యాంగ పరిషత్తులో కూర్చుంది.

ఓటు పాఠం కూడా 1930ల్లో బడి గోడలు దాటింది. నిడుబ్రోలులో ఎన్.జి. రంగా రైతు యువకులకు రాజకీయ, ఆర్థిక పాఠాలు చెప్పే విద్యాలయం నడిపారు. 1937లో కొత్తపట్నంలో వేసవి రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించింది. పాఠశాలను నిషేధించాల్సినంత భయం ఏ ప్రభుత్వానికైనా కలిగిందంటే ఆ పాఠంలో పస ఉన్నట్టే. బెజవాడలో అయ్యదేవర కాళేశ్వరరావు పురపాలక రాజకీయాల నుంచి మద్రాసు శాసనసభకు, అక్కడి నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకరు పీఠానికి ఎదిగారు. ఇవాళ కూరగాయల కోసం కాళేశ్వరరావు మార్కెట్టుకు వెళ్ళే వన్‌టౌన్ పిల్లలు రోజూ పలుకుతున్నది ఒక శాసనసభాపతి పేరు. ఈ నగరం పేర్లే పౌరశాస్త్రం పుస్తకంలా ఉంటాయి. ఆనకట్ట స్థానంలో 1957లో కట్టిన బ్యారేజీకి ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఆనకట్ట కట్టిన ఇంజనీరు పేరిట ఓర్ కొండగా ఉన్నది 1968లో 52 అడుగుల స్తూపంతో గాంధీ కొండ అయింది. జూబిలీ భవనం బాపు మ్యూజియం అయింది. వెంకయ్య గాంధీకి జెండా అందించిన చోటు అదేనని బెజవాడవాసులు చెప్పుకుంటారు. రాణి పేరిట లేచిన భవనానికి ఈ పేరు దక్కడం చరిత్ర చేసిన చమత్కారం.

స్వాతంత్ర్యం వచ్చాక తొలి సార్వత్రిక ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. అక్షరం రాని ఓటరు కోసం పుట్టిన ఆ గుర్తులు అక్షరాలు దిద్దుతున్న పిల్లలకు బాగా పట్టుబడ్డాయి. కాడెద్దులు, కంకి కొడవలి, గుడిసె అంటూ జాతీయ చిహ్నాల కంటే ముందు డెల్టా పిల్లలు పార్టీల గుర్తులే నేర్చారు. ఊరేగింపుల వెంట పరుగెత్తడం, కరపత్రాలు ఏరుకోవడం వారి సరదా. విజయవాడ ఆ ఎన్నికల్లో సరోజినీ నాయుడి తమ్ముడు, కవి, గాయకుడు హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయను స్వతంత్రుడిగా లోక్‌సభకు పంపింది. పుట్టింది హైదరాబాదులో, కుటుంబం బెంగాలీ. అతణ్ణి గెలిపించిన ఊరు తర్వాత 1957లో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబను, 1962లో ఇంజనీరు కె.ఎల్. రావును పంపింది. కవి, వైద్యురాలు, ఇంజనీరు వరసగా ఒకే నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు వెళ్ళిన ఆ కాలాన్ని నేటి పిల్లలకు చెబితే కొంచెం ఆశ్చర్యపోతారు.

అదే కాలంలో బడి ప్రార్థన సమయం స్థిరపడింది. వరుసలు, వందేమాతరం, వార్తలు చదివే పిల్ల, చివర జనగణమన. ఠాగూరు ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చింది 1919లో మన మదనపల్లెలోనని పిల్లలకు తెలిస్తే ఆ 52 సెకన్లు ఇంకాస్త దగ్గరవుతాయి. ప్రతిజ్ఞ కూడా తెలుగువాడిదే. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉండగా తెలుగులో రాశారు. అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు దాన్ని బడులకు చేర్చారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా తమ తమ భాషల్లో చెప్పుకోవడం మొదలైంది. కోట్లమంది నోట రోజూ పలికిన ఆ మాటల రచయిత పేరు దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకంలో లేదు. 1963లో కన్నుమూసిన వెంకయ్యదీ ఇంచుమించు ఇదే కథ. పేదరికంలోనే పోయారు. తపాలా బిళ్ళ 2009లో వచ్చింది. విజయవాడ ఆకాశవాణి ఆవరణలో విగ్రహం 2015లో వెలిసింది. చిహ్నాన్ని నెత్తిన పెట్టుకుని, దాన్ని ఇచ్చిన మనిషిని మరిచిపోవడం మన అలవాటు.

జెండా పండగ డెల్టాలో నిజంగా పండగే. ముందురోజు రాత్రి రంగు కాగితాలు మైదా జిగురుతో పురికొసకు అంటించి తోరణాలు కడతారు. దిమ్మెకు సున్నం కొడతారు, ముగ్గు వేస్తారు. డ్రిల్లు మాస్టారు జెండాను మడతపెట్టి లోపల బంతిపూల రేకులు పోసి జారుముడి వేస్తారు. ఆ ముడి విడకపోతే ముఖ్య అతిథి కంటే మాస్టారుకే చెమటలు పడతాయి. కాషాయం పైకి ఉందా అని మూడుసార్లు చూసుకోవడం, జెండా నేల తగలకుండా చేతుల మీద పట్టుకోవడం, పొద్దుగూకేలోపు దించి మడిచి బీరువాలో పెట్టడం. ఈ మర్యాదలన్నీ పిల్లలు ఎవరూ చెప్పకుండానే చూసి నేర్చుకున్నారు. మూడు వంతుల పొడవుకు రెండు వంతుల వెడల్పు అన్న కొలతను డ్రాయింగు మాస్టారు నేర్పారు. చివర పంచే బిళ్ళలు, లడ్డూల కోసం ఉపన్యాసాలన్నీ ఓర్చుకోవడం సహనానికి తొలి పాఠం.

చట్టం కూడా కాలంతో నడిచింది. 1971 చట్టం జెండాను, రాజ్యాంగాన్ని అవమానించడాన్ని, గీతాలాపనను అడ్డుకోవడాన్ని నేరంగా చెప్పింది. 1976లో ప్రాథమిక విధుల్లో జెండా గౌరవం చేరింది. 2002 జనవరి 26 నుంచి కొత్త పతాక నియమావళితో మామూలు మనిషికి ఏడాది పొడవునా జెండా ఎగరేసుకునే వీలు కలిగింది. 2021 చివర్లో యంత్రం మీద నేసిన పాలిస్టరు గుడ్డకూ అనుమతి వచ్చింది. 2022లో ఇంటింటా జెండా ఎగిరింది, రాత్రివేళా ఉంచవచ్చన్నారు. నూలు వడికి జెండా చేయాలన్న బెజవాడ రోజుల నుంచి పాలిస్టరు దాకా వచ్చిన ఈ దారి పత్తి వెంకయ్యకు నచ్చేదో లేదో చెప్పలేను. ఆగస్టు 16న రోడ్ల మీద, కాలువ గట్ల మీద పడి ఉన్న ప్లాస్టిక్ జెండాలు మాత్రం ఎవరికీ నచ్చవు. వాటిని ఏరించే బడులు కొన్ని ఉన్నాయి. నా ఉద్దేశంలో ముందురోజు ఉపన్యాసం కంటే మర్నాటి ఆ ఏరుడు మంచి పాఠం.

గౌరవానికి హద్దు ఎక్కడన్న ప్రశ్నకు దేశానికి జవాబు చెప్పిన న్యాయమూర్తి తెలుగువాడు కావడం మనం గుర్తుచేసుకోదగ్గది. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మతవిశ్వాసం వల్ల జాతీయ గీతం పాడలేదని బడి నుంచి తీసేశారు. పాడకపోయినా వారు లేచి మర్యాదగా నిలబడేవారు. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది ఓ. చిన్నపరెడ్డి. పిల్లల మనసును బలవంతంతో వంచనక్కర్లేదన్న ఈ మాట ప్రతి ప్రధానోపాధ్యాయుడికీ తెలిసి ఉండాలి.

ఇక ఎన్నికైనవారి సంగతి. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ రాజ్ అమల్లోకి వచ్చింది, రాజస్థాన్ తర్వాత మనమే. బోర్డు స్కూళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళయ్యాయి. ఊరి పెద్దగా సర్పంచి వచ్చాడు. డెల్టా పల్లెల్లో ఇప్పటికీ ఆయన్ని ‘ప్రెసిడెంటుగారు’ అనే పిలుస్తారు. అయినా మునసబు, కరణాల నీడ పోలేదు. 1984లో నిమ్మకూరు బిడ్డ, విజయవాడలో చదువుకున్న ఎన్.టి. రామారావు ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేశాకగాని ఊరి కుర్చీలు ఖాళీ కాలేదు. వెనువెంటనే పంచాయతీ సమితులు పోయి మండలాలు వచ్చాయి. పౌరశాస్త్రం టీచరు మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత రాజ్యాంగం 73వ సవరణ, 1994 పంచాయతీ రాజ్ చట్టం, ఆడవాళ్ళకు రిజర్వేషన్లు వచ్చాయి. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగడంతో ఇంటర్ ముగించిన పిల్లలే ఓటర్లయ్యారు.

ఇన్ని మార్పులు వచ్చినా పాఠం చెప్పే తీరు మారలేదు. సర్పంచి పదవీకాలం ఎంత, జడ్పీ ఛైర్మన్‌ను ఎన్నుకునేది ఎవరు అంటూ బతికున్న మనుషుల్ని ఖాళీలు పూరించే ప్రశ్నల్లోకి దింపాం. మార్కులు వచ్చాయి. పంపులో నీళ్ళు రాకపోతే ఎవరిని అడగాలో మాత్రం తెలియలేదు. చిత్రమేమిటంటే జవాబు పిల్లవాడి బడి బోర్డు మీదే ఉంది. ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’, ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’, ‘నగరపాలక సంస్థ ఉన్నత పాఠశాల’. మూడూ ఎన్నికైన సంస్థలే. రోజూ ఆ బోర్డు కింది నుంచి లోపలికి వెళ్ళి, లోపల స్థానిక సంస్థల పాఠాన్ని బట్టీ పట్టాం. కొన్నేళ్ళు ఆ సంస్థలూ పిల్లలకు సాయపడలేదు. 2018లో పంచాయతీల గడువు తీరింది, ఎన్నికలు 2021 ఫిబ్రవరికి గాని జరగలేదు. ప్రత్యేకాధికారుల పాలనలో సర్పంచి పాఠం చెప్పిన టీచర్ల అవస్థ ఊహించుకోవచ్చు. మధ్యలో 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. ప్రెసిడెంటుగారు పెద్దా, సచివాలయం పెద్దా అని పిల్లలు అడిగితే పెద్దలు కూడా తడుముకున్నారు.

రాష్ట్రం విడిపోయాక చిహ్నాలూ మళ్ళీ నేర్వాల్సి వచ్చింది. పాలపిట్ట తెలంగాణకు వెళ్ళింది. 2018లో రామచిలుక, కృష్ణజింక, మల్లె, వేప ఆంధ్రప్రదేశ్‌కు గుర్తులయ్యాయి. చిలుకను చూడని పిల్ల ఇక్కడ ఉండదు కాబట్టి ఆ పాఠం తేలిగ్గా ఎక్కింది. 2022లో జిల్లాలు మారి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది, బందరు కృష్ణాకు మిగిలింది, భట్టిప్రోలు బాపట్లలో చేరింది. మరో వైపు కొన్ని సంగతులు దగ్గరకొచ్చాయి. 2017 మార్చి నుంచి శాసనసభ వెలగపూడిలోనే సమావేశమవుతోంది. ఒకప్పుడు మద్రాసు, తర్వాత కర్నూలు, ఆపైన హైదరాబాదు అని విన్నది ఇప్పుడు బ్యారేజీ దాటితే బడి బస్సులో గంట లోపు ప్రయాణం. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవాన, అక్కడే విద్యార్థుల నమూనా శాసనసభ నడిచింది. పిల్లలే మంత్రులు, పిల్లలే ప్రతిపక్షం. స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో నిలిచిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం దగ్గరికి నగరంలోని బడులు పిల్లల్ని తీసుకెళ్తున్నాయి.

వీటన్నిటి కంటే నాకు ముచ్చటగా అనిపించేది, పత్రికలు పెద్దగా పట్టించుకోని ఒక చిన్న ఎన్నిక. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. ఎన్నిక రోజు పనులకు సెలవు పెట్టి వచ్చిన తల్లులు తరగతి వారీగా తమ ప్రతినిధుల్ని ఎన్నుకుంటారు. పోటీ ఉంటే చేతులెత్తడమో చీటీలో, గొడవపడే ఊళ్ళయితే పోలీసు బందోబస్తూ ఉంటుంది. పిల్లలు కిటికీల్లోంచి చూస్తూనే ఉంటారు. మరుగుదొడ్డి తలుపు ఊడినా, మధ్యాహ్న భోజనంలో గుడ్డు తగ్గినా ఎవరికి చెప్పాలో వాళ్ళకు ఆ మర్నాటి నుంచి తెలుసు. మీ బడి కమిటీ ఛైర్మన్ ఎవరని అడిగితే పదవీకాలం, అర్హతలు చెప్పరు. ‘నాలుగో క్లాసు వాళ్ళ అమ్మండీ, చెరువు గట్టు మీద ఇల్లు’ అంటారు.